కంచే చేను మేస్తే... – ‘గాడ్‌ఫాదర్’ నవలపై పాఠకుల అభిప్రాయాలు

నవలల సంగతి సాహిత్య విద్యార్థులు రాయాలిగాని, పిపెట్టులూ బ్యూరెట్టులూ పట్టుకునే బి.యస్సీ. వాళ్ళకెందుకు అని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వితే నవ్వనివ్వండి. ఒక నవల అచ్చయిన రెండేళ్ళలో తొంభై లక్షల ప్రతులు అమ్ముడుపోయిందంటే అది ఒక్క సాహిత్య శాఖకు చెందిన విషయం కాదు. అంతమంది దాంట్లో ఏం చూశారు, చూసినదాన్ని గురించి ఏమనుకున్నారు అన్నది సమాజాన్ని గురించిన ప్రశ్న. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం వెతకటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ నవల పేరు ‘ది గాడ్‌ఫాదర్’. రచయిత మేరియో పూజో. మా హాస్టల్లో ఈ పుస్తకం ప్రతి ఒకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టులో కొన్న ప్రతి అది. అట్ట ఊడిపోయింది. మార్జిన్లలో ఎవరెవరో పెన్సిలుతో రాసిన వ్యాఖ్యలున్నాయి. చదివినవాడల్లా ఒక అభిప్రాయం చెబుతాడు, విన్నవాడల్లా దానికి అడ్డం చెబుతాడు. ఆ వాదనలన్నీ విన్నాక వాటిని ఒక క్రమంలో పెట్టి పరిశీలించాలనిపించింది. సాల్ట్ ఎనాలిసిస్ చేసేటప్పుడు ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదనీ, మొదటి పరీక్షలో తేలినదాన్ని రెండో పరీక్షతో నిర్ధారించుకోవాలనీ మాకు నేర్పుతారు. ఇక్కడా అదే పద్ధతి పాటించాను. ముందు అభిప్రాయాలు, తర్వాత వాటి నిర్ధారణ.

రచయిత – రచన

మేరియో పూజో 1920లో న్యూయార్కు నగరంలోని ‘హెల్స్ కిచెన్’ అనే పేదల పేటలో పుట్టాడు. తల్లిదండ్రులు దక్షిణ ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు. ‘గాడ్‌ఫాదర్’ ఆయన మొదటి నవల కాదు. 1955లో ‘ది డార్క్ ఎరీనా’, 1965లో ‘ది ఫార్చునేట్ పిల్‌గ్రిమ్’ అనే రెండు నవలలు రాశాడు. విమర్శకులు మెచ్చుకున్నారు. డబ్బు మాత్రం రాలేదు. నలభై అయిదేళ్ళు వచ్చేసరికి బంధువులకూ బాంకులకూ జూదం నడిపేవాళ్ళకూ కలిపి ఇరవై వేల డాలర్లు బాకీపడి వున్నాడు. ఈసారి డబ్బు వచ్చే పుస్తకం రాయాలనుకుని రాసినదే ‘గాడ్‌ఫాదర్’. 1969 మార్చిలో వెలువడి, ‘న్యూయార్క్ టైమ్స్’ వారి ఎక్కువగా అమ్ముడుపోయే పుస్తకాల జాబితాలో 67 వారాలు నిలిచింది. 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కపోలా దీన్ని సినిమాగా తీశాడు. మన దేశంలో 1987లో మణిరత్నం ‘నాయకన్’ మీదా, 2005లో మన తెలుగువాడు రాంగోపాల్ వర్మ తీసిన హిందీ ‘సర్కార్’ మీదా దీని నీడ వుందని సినిమాలు చూసేవారికి చెప్పనక్కరలేదు.

రెండు సంగతులు మాత్రం ముందే చెప్పుకోవాలి. నిజమైన ముఠానాయకుణ్ణి తాను ఒక్కణ్ణి కూడా కలుసుకోలేదనీ, రాసినదంతా చదివి సేకరించినదేననీ పూజో 1972లో తన వ్యాససంపుటిలో చెప్పుకున్నాడు. మరొకచోట, డాన్ నోరు విప్పినప్పుడల్లా తనకు వినిపించింది తన తల్లి గొంతేనన్నాడు. ఆమె రైతుకుటుంబం నుంచి వచ్చి, పరాయిదేశంలో కష్టపడి పిల్లల్ని సాకిన మనిషి. ఈ రెండో సంగతి మనకు ముందుముందు పనికొస్తుంది. పూజో 1999లో కాలం చేశాడు.

కథ క్లుప్తంగా

క్రైస్తవ కుటుంబాలలో బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు బాధ్యత వహించి నిలబడే జ్ఞానతండ్రిని గాడ్‌ఫాదర్ అంటారు. ఈ నవలలో ఆ పేరు వీటో కోర్లియోనేది. సిసిలీ ద్వీపంలో కోర్లియోనే అనే వూరి నుంచి పసితనంలోనే అమెరికా పారిపోయి వచ్చి, ఆలివ్ నూనె దిగుమతి వ్యాపారం పేరుతో ఒక పెద్ద ముఠాకు నాయకుడౌతాడు. 1945 ఆగస్టులో ఆయన కూతురి పెళ్ళితో కథ మొదలౌతుంది. మాదకద్రవ్యాల వ్యాపారంలో చేరటానికి డాన్ ఒప్పుకోనందువల్ల ఆయనపై కాల్పులు జరుగుతాయి. ముఠా గొడవలకు దూరంగా వుండి, యుద్ధంలో పనిచేసి వచ్చిన చిన్నకొడుకు మైకేల్, తండ్రి కోసం ఇద్దర్ని చంపి సిసిలీకి పారిపోతాడు. పెద్దకొడుకు సన్నీ హతుడౌతాడు. మైకేల్ తిరిగొచ్చి తండ్రి స్థానం తీసుకుని, శత్రువులందర్నీ ఒకేసారి తుడిచిపెడతాడు. ఆఖరున అతని భార్య కే, భర్త ఆత్మ కోసం చర్చిలో ప్రార్థన చేస్తూ వుండగా నవల ముగుస్తుంది.

పాఠకులు ఏమంటున్నారు?

మొదటి అభిప్రాయం: పట్టుకుంటే వదలబుద్ధి కాదు.

దీనితో దాదాపు అందరూ ఏకీభవిస్తారు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాలాంటివాళ్ళు కూడా మాటిమాటికీ డిక్షనరీ తియ్యకుండా చదవగలిగిన ఇంగ్లీషు అది. అయితే భాష సులువైనంత మాత్రాన పుస్తకం చదివించదు. ఈ నవలలో చేసిన ప్రతి మేలూ ఎక్కడో ఒకచోట మొలకెత్తుతుంది. రొట్టెల వ్యాపారి నాజొరీన్ తన దగ్గర పనిచేసే ఎంజో అనే ఇటలీ కుర్రవాణ్ణి అమెరికాలో వుంచమని డాన్‌ను కోరుతాడు. ఆ ఎంజోయే తర్వాత ఆసుపత్రి గుమ్మంలో మైకేల్ పక్కన నిలబడి డాన్ ప్రాణం కాపాడతాడు. శవాలకు అంత్యక్రియలు ఏర్పాటుచేసే బొనసేరా మొదటి అధ్యాయంలో మేలు పొందుతాడు. తూట్లుపడిన సన్నీ శవాన్ని తల్లి చూడగలిగేట్లు సిద్ధం చెయ్యమని డాన్ ఒక రాత్రి అతని గుమ్మంలోకి వస్తాడు. విత్తు ఎక్కడ పడింది, పైరు ఎక్కడ లేచింది అన్నది పాఠకుడు గుర్తుపడుతూ పోతాడు. అందులో ఆనందముంది.

రెండవ అభిప్రాయం: పక్కదోవలు ఎక్కువ, ఆడవాళ్ళు తక్కువ.

సినీగాయకుడు జానీ ఫాంటేన్ హాలీవుడ్ కథ, లూసీ మాన్‌చీనీ లాస్‌వేగాస్ కథ నవలకు అతకలేదని చాలామంది విసుక్కుంటారు. ఇది సరైన అభిప్రాయమే. సినిమా తీసినప్పుడు లాస్‌వేగాస్ ప్రేమకథను పూర్తిగా వదిలేసి, జానీ కథను బాగా కుదించారు. కథకు నష్టమేమీ రాలేదు. ఇక మా క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “మగవాళ్ళు చేసిన పాపాలకి ఆడవాళ్ళు చర్చికెళ్ళి దణ్ణాలు పెట్టుకోవటమేనా ఈ పుస్తకంలో మా పని?” డాన్ భార్య రోజూ భర్త కోసం ప్రార్థిస్తుంది. చివరికి చదువుకున్న కే కూడా ఆ వరసలోనే కూర్చుంటుంది. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పిన మగపిల్లవాణ్ణి నేనింకా చూడలేదు.

మూడవ అభిప్రాయం: ఒక జాతికి మచ్చ తెచ్చింది.

ఇది అమెరికాలోని ఇటలీ సంతతివారిలో చాలామంది చెప్పినమాట. లక్షలాదిమంది మేస్త్రీలుగా, కూలీలుగా, దుకాణదారులుగా కష్టించి బతుకుతుంటే, ఇటలీ పేరు చెప్పగానే తుపాకి గుర్తొచ్చేటట్లు చేశారని వారి బాధ. న్యాయమైన బాధే. ఐతే ఇందులో విడ్డూరమొకటుంది. 1970లో ఏర్పడిన ఇటాలియన్ అమెరికన్ల పౌరహక్కుల సంఘం ఆందోళన చేసి, సినిమా స్క్రిప్టులో ‘మాఫియా’ అనే మాట లేకుండా చేసింది. ఆ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ కొలంబో స్వయంగా న్యూయార్కు అయిదు మాఫియా కుటుంబాలలో ఒకదానికి నాయకుడు! 1971 జూన్‌లో ఆ సంఘం సభలోనే అతనిపై కాల్పులు జరిగాయి.

నాలుగవ అభిప్రాయం: డాన్ ధర్మప్రభువు.

మా హాస్టల్లో ఎక్కువమంది పట్టుబట్టి వాదించేది ఇదే. “చట్టం చెయ్యలేని న్యాయం డాన్ చేశాడు. ఇచ్చిన మాట తప్పలేదు. పేదవాడికి గుమ్మం మూయలేదు. మత్తుమందులు ముట్టనన్నాడు. అలాంటివాడొక్కడు మన జిల్లాకి వుంటే చాలు” అంటాడు నా పక్క గది మిత్రుడు. ‘మన జిల్లాకి’ అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. అంతవరకూ పుస్తకం గురించి మాట్లాడుతున్నాం. అక్కడి నుంచి మన గురించి మాట్లాడుతున్నాం. కనుక ఈ అభిప్రాయాన్ని జాగ్రత్తగా పరీక్షించాలి.

నిర్ధారణ పరీక్ష

డాన్‌ను మెచ్చుకునేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. వాళ్ళు బొనసేరాను చూసి మాట్లాడుతున్నారు. నవల మొదలయ్యేది కోర్టులో. బొనసేరా కూతుర్ని ఇద్దరు కుర్రాళ్ళు చావగొట్టారు. దవడ విరిగింది. జడ్జి శిక్ష వేసినట్టే వేసి, వాళ్ళ వయస్సూ వాళ్ళ కుటుంబాల మర్యాదా చూసి, ఆ శిక్ష అమలు కాకుండా నిలిపేశాడు. కుర్రాళ్ళు తల్లిదండ్రులతో కలిసి దర్జాగా ఇంటికి పోయారు. అన్నాళ్ళూ చట్టాన్ని నమ్ముకుని బతికిన ఆ తండ్రి ఆ రోజే డాన్ గుమ్మం తొక్కాలని నిర్ణయించుకున్నాడు. కోర్టు వాకిట్లో నిలబడిన అనుభవం వున్న ఏ ఇంటివాడైనా ఈ అధ్యాయం చదివి కదలకుండా వుండలేడు. పూజో కడుపు మండి రాసిన పేజీలవి. డాన్ గొంతులో తన తల్లి గొంతు వినిపించిందని ఆయన అన్నది ఇందుకేనేమో. ఇల్లు కాపాడుకోవాలనే పేదతల్లి పట్టుదలను తీసుకెళ్ళి ఒక హంతకుడి నోట్లో పెట్టాడు. అందుకే ఆ మాటలు మన ఇంట్లో పెద్దవాళ్ళ మాటల్లా వుంటాయి.

ఇప్పుడు రెండో పరీక్ష. ఇదే నవలలో డాన్ యువకుడిగా నూనె వ్యాపారం ఎలా పెంచాడో చెప్పే భాగముంది. పోటీ వ్యాపారులను మొదట బతిమాలతాడు. వినకపోతే గిడ్డంగులు కాలిపోతాయి, నూనె వీధుల పాలౌతుంది. వాళ్ళలో ఒకతను మిలాన్ నుంచి వచ్చినవాడు. పోలీసుల మీద నమ్మకమున్నవాడు. వెళ్ళి ఫిర్యాదు చేశాడు. కేసు ముందుకు సాగక మునుపే మనిషి మాయమయ్యాడు. భార్యా ముగ్గురు పిల్లలూ మిగిలారు. పిల్లలు పెద్దవాళ్ళు కనుక వ్యాపారం చేతికి తీసుకుని డాన్ కంపెనీతో రాజీ కుదుర్చుకున్నారు. అంతే! ఆ మనిషికి నవలలో పేరు కూడా లేదు. రెండు మూడు వాక్యాలలో, అదీ వెక్కిరింపు ధోరణిలో, అయిపోయాడు.

మిత్రులారా, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. బొనసేరా చట్టాన్ని నమ్మాడు, చట్టం అతన్ని మోసం చేసింది. నూనె వ్యాపారీ చట్టాన్నే నమ్మాడు, అతన్ని డాన్ మాయం చేశాడు. మొదటివాడికి అధ్యాయం దక్కింది, రెండోవాడికి రెండు వాక్యాలు దక్కాయి. మనం మొదటివాడికి జాలిపడి రెండోవాడిని గమనించకుండా పేజీ తిప్పేశాం. ఆ వ్యాపారి పెద్దకూతురో కొడుకో కథ చెబితే ఈ నవల ఎలా వుండేది? డాన్ ధర్మప్రభువా కాదా అన్నదానికి జవాబు, మనం ఎవరి గుమ్మంలో నిలబడి చదువుతున్నామన్న దానిమీద ఆధారపడి వుంది.

మత్తుమందుల సంగతి కూడా ఒకసారి చూద్దాం. డాన్ ఎందుకు వద్దన్నాడు? జూదమైతే తన చేతిలో వున్న రాజకీయవాదులూ జడ్జీలూ చూసీచూడనట్లు పోతారు, మత్తుమందులంటే దూరం జరుగుతారు అన్నది ఆయన చెప్పిన కారణం. అది ముందుచూపున్న వ్యాపారి లెక్క. కొడుకు చనిపోయాక జరిగిన రాజీ సమావేశంలో ఆ వ్యాపారానికి పరిమితంగానైనా తన అండ ఇవ్వటానికి ఒప్పుకుంటాడు. నీతికోసం కాదన్నవాడైతే అక్కడ ఒప్పుకోకూడదు. అందుకే డాన్‌ను వ్యాపారవేత్తగా చూసే అయిదవ అభిప్రాయం నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. కపోలా కూడా తన సినిమాను అమెరికా పెట్టుబడిదారీ వ్యవస్థకు ఒక పోలికగానే భావించానని చెప్పాడు. ఇంతకీ డాన్ అమ్మే సరుకేమిటి? నూనె పైకి కనిపించే సరుకు. అసలు సరుకు ‘రక్షణ’.

నిమ్మతోటల కాపలా

ఈ ‘రక్షణ’ వ్యాపారం ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే సిసిలీ వెళ్ళాలి. అక్కడ 1812లో ఫ్యూడల్ పద్ధతిని రద్దుచేశారు. 1860లో సిసిలీ కొత్త ఇటలీ రాజ్యంలో కలిసింది. భూములు చేతులు మారాయి, కాని వాటికి కాపుదల ఇవ్వగలిగిన ప్రభుత్వయంత్రాంగం వూళ్ళలోకి రాలేదు. సరిగ్గా అదే కాలంలో నిమ్మకాయకు గిరాకీ పెరిగింది. నెలల తరబడి సముద్రం మీద వుండే నావికులకు చిగుళ్ళు కుళ్ళి ప్రాణాలు పోయే స్కర్వీ జబ్బుకు నిమ్మజాతి పండ్లు మందని 1747లో జేమ్స్ లిండ్ ఒక ఓడలో ప్రయోగం చేసి చూపాడు. బ్రిటిష్ నౌకాదళం 1795 నుంచి నావికులకు నిమ్మరసం ఇవ్వసాగింది. అందులోని సి-విటమిన్ సంగతి అప్పటికెవరికీ తెలియదు. ఆ గిరాకీతో పాలెర్మో నగరం చుట్టూ నిమ్మతోటలు లేచాయి.

తోట వెయ్యటమంటే ఏమిటో మన ఇళ్ళల్లో తెలుసు. మొక్క కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ నీళ్ళు కావాలి, గోడ కావాలి. కాపుకొచ్చాక ఒక్క రాత్రిలో దొంగలు దులుపుకుపోవచ్చు. కనుక కాపలావాడు కావాలి. ఫలానావాణ్ణి కాపలా పెట్టుకోకపోతే కాయలు పోతాయి. పెట్టుకుంటే పోవు. ఎందుకంటే కోసుకుపోయేవాళ్ళూ వాడి మనుషులే. మన సామెత వుండనే వుంది, కంచే చేను మేస్తే అని. 2017లో ఆర్థికచరిత్ర పరిశోధకులు కొందరు, 1880లలో ఇటలీ పార్లమెంటు జరిపించిన విచారణ లెక్కలను పరిశీలించి, నిమ్మజాతి తోటలున్న వూళ్ళలో మాఫియా బలం ఎక్కువగా వుండేదని చూపించారు. డియేగో గాంబెట్టా అనే సామాజిక శాస్త్రవేత్త 1993లో రాసిన గ్రంథంలో, మాఫియా అంటే ప్రైవేటుగా రక్షణ అమ్ముకునే పరిశ్రమ అని నిర్వచించాడు. మనిషి మీద మనిషికీ, మనుషులకు ప్రభుత్వం మీదా నమ్మకం తక్కువైనచోట ఆ సరుకు అమ్ముడుపోతుంది. అందుకే ఆ నమ్మకం పెరగటం అమ్మేవాడికి ఇష్టముండదు.

ఎవరూ గుర్తుపెట్టుకోని పేజీ

పూజోకు ఇదంతా తెలియదా? తెలుసు! మైకేల్ సిసిలీలో తలదాచుకున్న అధ్యాయాలు చదవండి. ఒకనాడు పేదలకు అండగా పుట్టిన మాఫియా ఇప్పుడు ధనవంతుల చేతిలో చట్టవిరుద్ధమైన ఆయుధంగా మారిందనీ, ఎంత చిన్న వృత్తి మీదనైనా సొంత పన్ను వేస్తోందనీ మైకేల్ అక్కడ గ్రహిస్తాడు. అక్కడే మరో సంగతుంది. మైకేల్‌కు ఆశ్రయమిచ్చిన డాన్ తొమ్మాసినో మంచివాడనిపించుకున్న పాతకాలపు పెద్ద. మత్తుమందుల జోలికి పోడు. ఆయన ఆదాయం నీళ్ళు. బావుల నీళ్ళు రైతులకు అమ్ముతాడు. రోము ప్రభుత్వం ఆనకట్టలు కడతానంటే ఆయన సాగనివ్వడు. ఆనకట్ట కడితే నీళ్ళు చవకైపోతాయి మరి!

నేను అడిగిన పాఠకులలో ఒక్కరికి కూడా ఈ నీళ్ళ సంగతి గుర్తులేదు. గుర్రం తలకాయ అందరికీ గుర్తుంది. మా ఇంట్లో వ్యవసాయం కాలువ చివరి భూములమీద కనుక నాకీ పేజీ దగ్గర కన్ను ఆగింది.

ఇక్కడ మా వూరి సంగతి ఒకటి చెప్పాలి. నేను హైస్కూల్లో వుండగా ఒక ఏడు మా బోదెలోకి నీళ్ళు దిగలేదు. పైనున్నవాళ్ళు అడ్డం వేసుకున్నారు. నాన్న లస్కరు దగ్గరికి తిరిగాడు, ఆఫీసుకు తిరిగాడు, కాగితం రాయించి ఇచ్చాడు. వరి బీటలువారింది. చివరికి పక్కవూరి పెద్దమనిషి దగ్గరికి వెళితే ఆయన ఒక్క కబురు పెట్టాడు. ఆ రాత్రికే నీళ్ళొచ్చాయి. పంట దక్కింది. ఆయన మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు. తర్వాత వాళ్ళింట్లో శుభకార్యానికి మా ట్రాక్టరు వెళ్ళింది. ఎన్నికలప్పుడు నాన్న ఆయన వెనక తిరిగాడు. రెండేళ్ళకు, మాకంటే దిగువన ఎకరం కౌలు చేసుకునే ఒకాయన వంతు నీళ్ళను ఆ పెద్దమనిషే తన వాళ్ళకు మళ్ళించాడు. పంచాయితీలో సాక్ష్యం చెప్పవలసింది నాన్న. చెప్పలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ అడిగితే నాన్న అన్నమాట నాకు గుర్తుంది: “నీళ్ళు ఆయన ఇంట్లోవి కావే, కాలవలోవే. మన వంతువే. కాని నా మాట ఆయన దగ్గర తాకట్టుపడింది.”

మా పెద్దమనిషి తుపాకి పట్టినవాడు కాదు. ఆయనను సిసిలీ ముఠావాళ్ళతో పోల్చటం నా ఉద్దేశం కాదు. కాని బొనసేరా నుంచి డాన్ రూపాయి తీసుకోలేదెందుకో ఆ రోజున అన్నం తింటూ విన్నమాటతో నాకు అర్థమైంది. మేలు పొందినవాడికి పంట దక్కుతుంది. నోరు పోతుంది. ఆ తర్వాత దిగువవాడి పొలం ఎండుతుంటే చూస్తూ వూరుకోవాలి.

అసలు కోర్లియోనే

మాట తాకట్టు పెట్టని మనుషులు కూడా వుంటారు. నవలలో డాన్‌కు ఇంటిపేరుగా మారిన కోర్లియోనే వూరు నిజంగానే వుంది. పాలెర్మోకు దక్షిణంగా కొండల మధ్య గోధుమ పండే వూరది. అక్కడ పెద్ద ఎస్టేట్లను యజమానుల దగ్గర టోకున కౌలుకు తీసుకుని, ముక్కలు చేసి రైతులకు మళ్ళీ కౌలుకిచ్చే ‘గాబెల్లోటో’లు వుండేవారు. మాఫియా నాయకులలో చాలామంది ఆ వృత్తి నుంచి వచ్చినవారే. 1893లో మంచి కౌలు ఒప్పందాల కోసం ఆ వూరి రైతులు బెర్నార్దీనో వెర్రో నాయకత్వాన సమ్మెచేశారు. వెర్రో తర్వాత ఆ వూరికి మేయరయ్యాడు. 1915లో ఆయనను కాల్చి చంపారు.

రెండో ప్రపంచయుద్ధం చివర, 1944లో, సాగులేని ఎస్టేటు భూములను రైతుసంఘాలు తీసుకోవచ్చని ఇటలీ ప్రభుత్వం ఉత్తరువు ఇచ్చింది. కోర్లియోనేలో రైతుల్ని కూడగట్టి ఆ భూముల్లోకి నడిపించినవాడు ప్లాచిదో రిత్సోత్తో, కార్మికసంఘం కార్యదర్శి. 1948 మార్చి 10న ఆయనను ఎత్తుకుపోయి చంపి కొండలోయలో పడేశారు. వయస్సు 34 ఏళ్ళు. నేరం రుజువు కాలేదని నిందితులను కోర్టు వదిలేసింది. అరవై ఏళ్ళ తర్వాత, 2009లో, ఆ కొండ చీలికలో ఎముకలు దొరికాయి. 2012లో డి.ఎన్.ఎ. పరీక్ష అవి రిత్సోత్తోవేనని తేల్చింది. ఆ ఏడే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. మైకేల్ సిసిలీలో తలదాచుకున్న కాలమూ, ఈ హత్య జరిగిన కాలమూ దాదాపు ఒకటే, 1940ల రెండో సగం. నవలలో డాన్‌లున్నారు, కాపలాదార్లున్నారు, ప్రేమకథ వుంది. రిత్సోత్తోలు లేరు.

కథ అక్కడితో ఆగలేదు. 1986లో పాలెర్మోలో మొదలైన మహావిచారణలో మూడువందలమందికి పైగా శిక్షలు పడ్డాయి. దానికి మూలస్తంభాలైన న్యాయాధికారులు జొవాన్నీ ఫాల్కోనే, పావొలో బోర్సెల్లీనో ఇద్దర్నీ 1992లో బాంబులతో చంపారు. కాని ప్రజలు భయపడి ఇళ్ళలో కూర్చోలేదు. మాఫియా నుంచి జప్తుచేసిన ఆస్తులను సమాజానికి అప్పగించాలని 1996లో చట్టం వచ్చింది. 2001లో రిత్సోత్తో పేరుమీదనే ఒక సహకార సంఘం ఏర్పడి, అలా జప్తుచేసిన పొలాలను దున్ని గోధుమ పండించింది. రైతుబిడ్డగా నాకు గాడ్‌ఫాదర్ సినిమాలన్నిటికంటే ఆ దుక్కి గొప్పగా తోస్తుంది.

ముగింపు

ఇంతవరకూ పరిశీలించినదాన్ని బట్టి నా నిర్ణయాలు ఇవి. కథ చెప్పటంలో ‘గాడ్‌ఫాదర్’ పాఠకులిచ్చిన పేరుకు తగినదే. పక్కదోవల గురించీ, స్త్రీపాత్రల గురించీ వచ్చిన విమర్శలు సరైనవే. డాన్ ధర్మప్రభువన్న అభిప్రాయం మాత్రం మొదటి పరీక్షలో నిలిచి, రెండో పరీక్షలో వీగిపోతుంది. దాన్ని వీగిపోయేట్లు చేసే సాక్ష్యం బయటినుంచి తేనక్కరలేదు. నూనె వ్యాపారి వాక్యాలూ, తొమ్మాసినో నీళ్ళూ పూజోయే పుస్తకంలో పెట్టాడు. చిన్నవిగా పెట్టాడు, అంతే. పెద్దవి చేసి చదువుకోవటం పాఠకుడి పని.

బొనసేరా కన్నీళ్ళు అబద్ధం కాదు. కోర్టు వాయిదాలూ, ఆఫీసు తలుపులూ మనకు కొత్త కావు. అవి తెరుచుకోనంతకాలం డాన్‌లకు గిరాకీ తగ్గదు. హాస్టల్లో గది దొరక్కపోయినా, హాజరు చాలకపోయినా, ఎవరితో తగాదా వచ్చినా మనం కూడా ముందు వెతికేది ఒక ‘అన్న’ కోసమే. ఆయన పని చేసిపెడతాడు, డబ్బు అడగడు. ఫలానా రోజు గుంపులో వచ్చి నిలబడమంటాడు. అప్పుడు ఆ గుంపు ఎవరి గుమ్మం ముందుకు పోతోందో, ఆ గుమ్మంలో నిలబడ్డవాడెవరో ఒక్కసారి చూడమని నా విన్నపం. వాడికి నవలలో పేరుండదు. రెండు వాక్యాలకు మించి చోటుండదు.

ఆ నవల చదవని మిత్రులు తప్పక చదవండి. చదివినవాళ్ళు సిసిలీ అధ్యాయాలు మరోసారి చదవండి. అక్కడ మార్జిన్లో నేను కూడా పెన్సిలుతో ఒక గీత గీసి పెట్టాను.